సద్ది మోసిన చేతికి పట్టా ఏది?

‘మా భూమి’ సినిమాలో రామయ్యకు ఊళ్లో ఊపిరాడదు. తాను మనసిచ్చిన లంబాడ పిల్ల చంద్రి దొర బలవంతానికి లొంగక తప్పలేదని తెలిసిన రోజున అతను ఆమెనూ ఊరినీ వదిలేసి నడక మొదలుపెడతాడు. ఆ దారి అతన్ని సూర్యాపేటకు చేరుస్తుంది. అక్కడి నుంచి హైదరాబాదుకు, కార్మిక సంఘానికి, చివరికి తుపాకీకి తీసుకుపోతుంది. గౌతమ్ ఘోష్ తీసిన ఆ సినిమా 1980లో విడుదలైంది. తెలంగాణ సాయుధ పోరాటం అనగానే రెండు తరాల తెలుగువాళ్ల కళ్లముందు కదిలే బొమ్మల్లో చాలావరకు అందులోవే. మళ్లీ చూసినప్పుడల్లా ఒక సందేహం మాత్రం వదలదు. రామయ్యకు సూర్యాపేట దారి దొరికింది. మరి చంద్రికి?

దారి చంద్రికీ ఉండింది. ఆ దారిన ఎందరో ఆడవాళ్లు, తండాలకు తండాలు, గూడేలకు గూడేలు నడిచాయి. కానీ మనం వాళ్ల గురించి మాట్లాడేటప్పుడు ‘సాయపడ్డారు’, ‘అండగా నిలిచారు’, ‘అన్నం పెట్టారు’ అంటాం. పోరాటం ఎవరో చేశారనీ, వీళ్లు పక్కన నిలబడ్డారనీ ఆ మాటల అర్థం. ఈ లెక్క తప్పు. చరిత్ర పుస్తకాల కంటే ముందు అది పహాణీలో తప్పింది. అక్కడ దిద్దనంతకాలం విగ్రహాలు ఎన్ని పెట్టినా బాకీ తీరదు.

గడీ రాసిన కాగితం

ఆ ఆడవాళ్లు నడిచిన నేల సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతం. ఇవాళ సూర్యాపేట జిల్లా కేంద్రం, కోదాడ ఆ జిల్లాలోని పట్టణం, మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలో ఉంది. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయేదాకా మూడూ నల్లగొండే. నిజాం కాలంలో సూర్యాపేట, మిర్యాలగూడ తాలూకా కేంద్రాలు. కోదాడ హుజూర్‌నగర్ తాలూకాలో ఉండేది. ఈ ప్రాంతపు దేశ్‌ముఖ్ జన్నారెడ్డి ప్రతాపరెడ్డి ఒక్కడి చేతిలోనే లక్షన్నర ఎకరాలు ఉండేవని కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. ఒక మనిషి అన్ని ఎకరాలు దున్నలేడు, చూడనైనా చూడలేడు. దున్నింది వెట్టి. చూసుకున్నది పట్వారీ కలం.

వెట్టి అంటే కూలి లేని పని అని బడిలో చెప్పుకున్నాం. ఆడవాళ్ల వెట్టి దానికంటే లోతైనది. చాకలి ఇంటి ఆడమనిషి దొర గడీ బట్టలు ఉతికి, గడీ పిండి విసిరి ఇల్లు చేరేసరికి పొద్దుగూకేది. దొర కూతురు అత్తారింటికి పోతుంటే వెంట పంపే ఆడబాపలకు సొంత ఇల్లూ ఉండదు, సొంత పెళ్లీ ఉండదు. మగవాడి కష్టాన్ని దోచుకున్న గడీ ఆడదాని కష్టంతోపాటు ఆమె ఒంటినీ దోచుకుంది. అందుకే ఆంధ్ర మహాసభ ‘సంఘం’గా ఊళ్లోకి వచ్చినప్పుడు ఆడవాళ్లకు అది కూలి రేటు కంటే పెద్ద కబురుగా వినిపించింది.

తండాల సంగతి ఇంకో తీరు. ఎడ్ల మందల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగిన లంబాడాలకు రైలు వచ్చాక బతుకుదెరువు పోయింది. ఊళ్లకు దూరంగా, అడవి అంచున ఆగారు. చెట్టు కొట్టారు, మొద్దులు పెకిలించారు, రాళ్లు ఏరి గట్లు పోశారు. నాలుగేళ్లకు జొన్న చేతికొచ్చే వేళకు పట్వారీ కాగితం తీసేవాడు. అందులో దొర పేరు ఉండేది. భూమిని పుట్టించినవాళ్లు ఆ భూమిలోనే కౌలుదార్లయ్యారు. పోరాటానికి ముందే తండాలు దొరల మీద తిరగబడటానికి కారణం ఇదే. జనగామ తాలూకా ధర్మాపురం తండా వాసులు సాగుభూమి కోసం భూస్వామిని ఎదిరించారు. ఆ తండా నుంచి వచ్చిన జాటోతు ఠాను నాయక్ 1950లో తూటాలకు బలయ్యాడు.

అణా చందా

ఆంధ్ర మహాసభ 1930లో జోగిపేటలో పుట్టినప్పుడు అది చదువుకున్నవాళ్ల సభ. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షుడయ్యాక అది ‘సంఘం’ అయింది. సభ్యత్వ రుసుము రూపాయి నుంచి అణాకు దిగింది. చూడటానికి ఇది చిన్న మార్పే. రూపాయి ఇంటి పెద్ద మొలతాడు సంచీలో ఉంటుంది, అణా మాత్రం ఆడమనిషి కొంగు ముడిలోనూ ఉంటుంది. సంఘం గడప దాటి లోపలికి వచ్చింది అప్పుడే.

పాలకుర్తి చిట్యాల ఐలమ్మ కథ అందరికీ తెలిసిందే. కౌలుకు తీసుకుని పండించిన పంట మీద విసునూరు దొర రామచంద్రారెడ్డి కన్ను పడింది. చాకలిదానికి భూమేమిటన్నది అతని మాట. సంఘం మనుషులు వచ్చి కోత కోసి, ధాన్యం ఆమె ఇంటికి చేర్చారు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరగడంతో ఉద్యమం నిప్పంటుకుందని రాస్తాం. నిజమే. కానీ ఆ నిప్పుకు చితుకులు పేర్చింది ఐలమ్మ పొలం. దొర మీద గెలవొచ్చని ఊళ్లకు ముందుగా చూపింది ఆ ధాన్యపు బస్తాలే.

సూర్యాపేట తాలూకా తుంగతుర్తి ప్రాంతంలోని కర్విరాల కొత్తగూడెంలో 1931లో పుట్టిన మల్లు స్వరాజ్యం కథ వేరు. ఆమెది భూమి ఉన్న రెడ్డి కుటుంబం. పదేళ్లు దాటీ దాటని వయసులో, పెద్దవాళ్లు వద్దంటున్నా, తమ పొలంలో వెట్టి చేసేవాళ్లకు ధాన్యం కొలిచి ఇచ్చింది. ఆ తర్వాత ఉయ్యాల పాటలు కట్టి ఊరూరా పాడింది, దళం నడిపింది. ఆమె తలకు నిజాం సర్కారు కట్టిన వెల 10,000 రూపాయలు. ఐలమ్మ కింది నుంచి పైకి ఎదురు తిరిగింది, స్వరాజ్యం పైనుంచి కిందికి దిగి వచ్చింది. ఇద్దరూ కలిసిన చోటు ఒక్కటే: కొలిచిన ధాన్యం.

ఒడిసెల, గంప

1946 చివర్లో సూర్యాపేట తాలూకా బాలెంల, పాత సూర్యాపేట, హుజూర్‌నగర్ తాలూకా మల్లారెడ్డిగూడెం నిజాం పోలీసులకు, సైన్యానికి ఎదురు నిలిచాయి. అప్పటికి ఊళ్లలో తుపాకులు లేవు. ఉన్నవి గుత్పలు, రోకళ్లు, కారంపొడి, ఒడిసెలలు.

ఒడిసెల సంగతి తెలిస్తే ఆ పోరాటం సంగతి తెలుస్తుంది. జనపనార పేనిన రెండు తాళ్ల మధ్య అరచేయంత అల్లిక. అందులో రాయి పెట్టి, గిరగిరా తిప్పి, ఒక తాడు వదిలితే రాయి దూసుకుపోతుంది. జొన్న కంకి పాలు పట్టే రోజుల్లో మంచె ఎక్కి పిట్టలను తోలే పనిముట్టు అది. ఆ మంచె మీద కూచునేది ఎక్కువగా ఇంటి ఆడపిల్లలు. గురి వాళ్లకు ఎవరూ కొత్తగా నేర్పలేదు. పంట కాచే చేతికి ఊరిని కాచే పని పడింది, అంతే.

1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపు ఇచ్చారు. ఊరి రక్షణ దళాలు గెరిల్లా దళాలయ్యాయి. గెరిల్లా దళానికి తూటా కంటే ముందు కావాల్సినవి మూడు: తిండి, కబురు, దాక్కునే చోటు. మూడూ ఆడవాళ్ల చేతిలో ఉన్నవే. పొలానికి సద్ది తీసుకుపోయే మనిషిని ఎవరు ఆపుతారు? గంపలో కింద రొట్టెలు, పైన గడ్డి. బావి దగ్గర నీళ్లు తోడే మనిషిని ఎవరు అనుమానిస్తారు? ఎర్ర టోపీల పోలీసులు ఊరి పొలిమేర దాటకముందే ఆ కబురు చేను దాటేది. పట్టుబడితే శిక్ష మాత్రం తుపాకీ పట్టినవాడికి తగ్గని శిక్ష. మగవాళ్లు అడవి పట్టాక ఊళ్లో మిగిలి, నిజాం పక్షాన ఊళ్ల మీద పడ్డ రజాకార్ల చేతికి చిక్కింది వాళ్లే. సాయం చేసేవాళ్ల మీద ఇంత పగ ఎవరూ పెట్టుకోరు. శత్రువుకు తెలిసిన ఈ నిజం మన పుస్తకాలకు ఆలస్యంగా తెలిసింది.

ఈ ప్రాంతానికి ఇంకో ప్రత్యేకత ఉంది. సూర్యాపేట నుంచి కోదాడకు పోయే దారిలో వచ్చే మునగాల పరగణా అప్పట్లో నిజాం రాజ్యం కాదు. నిజాం నేల నడుమ దీవిలా మిగిలిన కృష్ణా జిల్లా ముక్క. 1959లోగాని అది నల్లగొండలో కలవలేదు. జమీందారు మీద తిరగబడిన రైతు ఉద్యమం అక్కడ 1930ల చివరికే ఉంది. అటు కోదాడ దాటితే జగ్గయ్యపేట. హద్దు ఇంత దగ్గరగా ఉండటం వల్ల ఈ ఊళ్ల ఇళ్లు దళాలకు దాటురేవులయ్యాయి. రాత్రివేళ తలుపు తట్టిన అపరిచితుడికి అన్నం పెట్టాలా వద్దా అన్నది ఆ ఇంటి ఇల్లాలు అక్కడికక్కడే తేల్చుకోవాల్సిన రాజకీయ నిర్ణయం.

తండా నుంచి గూడెం దాకా

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది. అయిదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు. మైదానంలోని ఊళ్లకు రజాకార్ల పీడ వదిలింది, కానీ సైన్యం వెనకే దొరలూ తిరిగొచ్చారు. దళాలకు పేట, మిర్యాలగూడ మైదానాల్లో నిలవనీడ కరువైంది. గోదావరి అడవుల వైపు, కోయగూడేల మధ్యకు జరిగాయి. ‘రాజక్క’గా స్వరాజ్యం అడవి దారి పట్టింది కూడా అప్పుడే.

అప్పటిదాకా కోయలకు ఈ పోరాటంతో ఉన్న బంధం పల్చనిది. వాళ్ల బాధ దేశ్‌ముఖ్ కంటే అటవీ జవాను, వడ్డీ షావుకారు. అంతకు కొన్నేళ్ల ముందే, 1940లో, ఆదిలాబాద్ జోడేఘాట్‌లో కొమరం భీం అదే అడవి హక్కు కోసం ప్రాణమిచ్చాడు. దళాలు వచ్చాక గూడేలు అడవి దారులు చూపాయి, ఉన్న గింజలు పంచుకున్నాయి, అందుకు భారీ మూల్యం చెల్లించాయి. సైన్యం గూడేలకు నిప్పు పెట్టి, జనాన్ని అడవి బయటి శిబిరాలకు తోలింది. దాదాపు అదే సమయంలో మలయాలో బ్రిటిష్ పాలకులు బ్రిగ్స్ పథకం పేరుతో లక్షల మందిని ముళ్లకంచెల ‘కొత్త ఊళ్ల’లోకి తరలించారు. చేప దొరక్కపోతే చెరువు ఎండగట్టే పద్ధతి అది. అక్కడా ఇక్కడా ఎండింది ఎవరి చెరువో చెప్పక్కర్లేదు.

1951 అక్టోబరులో పోరాటం విరమించారు. 3,000 ఊళ్లు, పంచిన 10 లక్షల ఎకరాలు, 4,000 మంది అమరులు అని సుందరయ్య లెక్క. ఈ అంకెలను వేదికల మీద నుంచి ఏటా వింటాం. ఆ 10 లక్షల ఎకరాల్లో ఆడవాళ్ల పేరున ఎన్ని, తండా పేరున ఎన్ని అన్న లెక్క ఏ వేదిక మీదా వినపడదు.

దళం లోపలి తగువు

దోషమంతా దొరలదీ సర్కారుదీ అని చెప్పి చేతులు దులుపుకోలేం. స్త్రీశక్తి సంఘటన బృందం పోరాటంలో ఉన్న ఆడవాళ్లను వెతికి పట్టుకుని, వాళ్ల మాటలు వాళ్ల నోటనే విని, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ వేసింది. తెలుగులో మౌఖిక చరిత్రకు అంతటి పని అంతకుముందు జరగలేదు. అందులోని గొంతులు పోరాటాన్ని గర్వంగా తలుచుకుంటూనే, పోరాటం నడిపిన కమ్యూనిస్టు పార్టీని సూటిగా అడుగుతాయి. పసిబిడ్డ ఏడుపు దళానికి ప్రమాదమని, కన్నబిడ్డను వేరేవాళ్లకు అప్పగించి నడిచిన కమలమ్మ ఉంది అందులో. పోరాటం ముగిశాక ‘ఇక ఇంటికి వెళ్లండి’ అనిపించుకున్నవాళ్లు ఉన్నారు. ఏ ఇంటికి? కొందరిని ఊరు రానివ్వలేదు, కొందరిని కుటుంబం నమ్మలేదు.

సంఘం ఊళ్లో పెళ్లాన్ని కొట్టే మొగుణ్ని పంచాయితీకి లాగింది. అది ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. కానీ ఆడవాళ్ల ప్రశ్న దళంలో ఎప్పుడూ ‘తర్వాత చూద్దాం’ జాబితాలోనే ఉంది. మెక్సికోలోని చియాపాస్‌ను దీని పక్కన పెట్టి చూడండి. 1994 జనవరి 1న అక్కడి ఆదివాసులు జపతిస్తాల పేరుతో తిరుగుబాటు చేశారు. అంతకు ముందు ఏడాదే వాళ్ల సంస్థలోని ఆడవాళ్లు పది సూత్రాల మహిళా చట్టాన్ని ఒప్పించుకున్నారు. ఎవరిని చేసుకోవాలో, ఎంతమందిని కనాలో తేల్చుకునే హక్కు, నాయకత్వంలో చోటు, కొట్టినవాడికి శిక్ష అందులో ఉన్నాయి. అది కాగితం దాటి పూర్తిగా అమలైందని ఎవరూ అనరు. అయినా రాసి ఉన్న మాట చూపించి అడగొచ్చు. మన ఆడవాళ్ల దగ్గర చూపడానికి రాత లేదు, చెప్పుకోవడానికి జ్ఞాపకమే మిగిలింది.

చట్టం పక్కనుంచి పోయింది

పోరాటం ఊరికే పోలేదు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చి, రక్షిత కౌలుదార్లకు హక్కు దారి తెరిచింది. తుపాకీ అడిగినదానిలో కొంత చట్టం ఇచ్చింది. ఇచ్చింది మాత్రం రిజిస్టరులో పేరున్నవాడికి. ఆ పేరు చాలావరకు ఇంటి మగవాడిదే.

1967లో నాగార్జునసాగర్ నీళ్లు వచ్చాయి. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ నేలలను వరి మడులు చేసింది. మిర్యాలగూడ రైస్ మిల్లుల ఊరైంది. మెట్ట నేలకు నీళ్లొస్తే దాని విలువతోపాటు దాని మీద కన్నేసేవాళ్లూ పెరుగుతారు. అప్పుడే కాగితం లేనివాళ్లకు అసలు ఆపద.

చట్టాలు ఎలా పక్కనుంచి పోయాయో చూడండి. ఆదివాసుల భూమి ఇతరుల చేతికి పోకుండా ఆపే 1/70 రెగ్యులేషన్ షెడ్యూల్డు ప్రాంతాలకే వర్తిస్తుంది. ఉమ్మడి నల్లగొండలో షెడ్యూల్డు ప్రాంతం లేదు. కాబట్టి ఇక్కడి తండాలకు ఆ కంచె లేదు. తెలంగాణ లంబాడాలను ఎస్టీలుగా గుర్తించిందే 1976 చట్టంతో. పోరాటం ముగిసి అప్పటికి పాతికేళ్లు. ఆ గుర్తింపు మీద ఆదివాసీ తెగలకూ లంబాడాలకూ నడుమ ఇవాళ నడుస్తున్న తగువు వేరే చర్చ. ఎవరి పక్షాన ఉన్నా, చేయి జారిన భూమి తిరిగి రాలేదన్నది మాత్రం రెండు పక్షాలకూ సమానమైన నిజం.

ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. అది 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చినట్టు లెక్క. ఐలమ్మ కన్నుమూసింది అదే నెల 10న. అయిదు రోజుల తేడా. అంతకంటే బాధపెట్టేది ఇంకోటుంది. ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లకు ఆ సవరణ వర్తించదు. అంటే ఒడిసెల తిప్పిన తరం మొత్తం బయటే నిలబడింది. 2005 కేంద్ర సవరణ ఆ అడ్డు తీసేసే నాటికి ఆ తరంలో మిగిలినవాళ్లు ఎందరు?

తండా ఆడమనిషికి అదీ లేదు. కేంద్రం విడిగా ప్రకటిస్తే తప్ప ఎస్టీలకు హిందూ వారసత్వ చట్టం వర్తించదని ఆ చట్టం రెండో సెక్షనే చెబుతుంది. వాళ్ల వారసత్వం ఆచారం మీద నడవాలి. ఆచారం ఏం చెబుతుందో తండా పెద్దమనుషుల్ని అడిగితే తెలుస్తుంది. ఛత్తీస్‌గఢ్ గోండు మహిళ వారసుల కేసులో ఆడవాళ్లకు వాటా నిరాకరించడం సమానత్వ హక్కుకు విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పింది 2025 జులైలో. ఆడదైనందుకు ఒక చట్టం ఆలస్యంగా వచ్చింది, గిరిజనురాలైనందుకు ఆ చట్టమే వర్తించకుండా పోయింది. చంద్రికి పట్టా ఎందుకు దొరకలేదో ఈ రెండు మాటల్లో ఉంది.

ఇది పాత గొడవ అనుకుంటే పొరపాటు. సూర్యాపేట జిల్లా మఠంపల్లి మండలం గుర్రంబోడు తండాలో 540 సర్వే నంబరు భూముల వివాదం 2021 ఫిబ్రవరిలో రాళ్లు, లాఠీల దాకా వెళ్లింది. ఒకప్పుడు పట్వారీ కలం, తర్వాత ధరణి, ఇప్పుడు భూభారతి. కాగితం మారిన ప్రతిసారీ తండా మొదటి నుంచి నిరూపించుకోవాల్సి వస్తోంది.

పేరు ఎక్కాల్సిన చోటు

ఏటా సెప్టెంబరు 17 వస్తే విమోచనమా, విలీనమా, సమైక్యతా, ప్రజాపాలనా అని పార్టీలు కొట్లాడుకుంటాయి. ఆ రోజుకు ఏ పేరు పెట్టినా సూర్యాపేట చుట్టుపక్కల ఏ ముసలమ్మ పేరునా గుంట భూమి పెరగదు. కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఐలమ్మ పేరు పెట్టడం మంచిదే. తుంగతుర్తి 1978లో, 1983లో స్వరాజ్యాన్ని శాసనసభకు పంపింది. 2022 మార్చి 19న ఆమె పోయినప్పుడు అన్ని పార్టీలూ దండలు వేశాయి. దండలు వాడిపోయాయి. పని మిగిలింది.

ఆ పని ఏమిటో చెప్పడం కష్టం కాదు. మొదటిది, అసైన్డు భూముల రిజిస్టరును తండా గ్రామసభలో గట్టిగా చదవాలి. 2018 పంచాయతీరాజ్ చట్టంతో ఎన్నో తండాలు పంచాయతీలయ్యాయి కాబట్టి చదివే వేదిక ఇప్పుడు ఉంది. అసైన్డు భూమి అమ్మకాన్ని నిషేధించే 1977 చట్టం కూడా ఉంది. ఎవరికి ఇచ్చిన భూమి ఎవరి సాగులో ఉందో తండా నోటనే తేలాలి. రెండోది, ప్రభుత్వం ఇచ్చే, సరిదిద్దే ప్రతి పాసుపుస్తకంలో భార్యాభర్తలిద్దరి పేర్లు ఉండాలి. దానికి కొత్త పోరాటం అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు. మూడోది, గిరిజన ఆడవాళ్ల వారసత్వాన్ని ఆచారం దయకు వదలకుండా చట్టంలో రాయాలి. నాలుగోది మనలాంటి వాళ్ల పని. తొంభై దాటిన అమ్మమ్మలు ఈ ఊళ్లలో ఇంకా కొందరు ఉన్నారు. జేబులో ఫోనున్న మనవలు వాళ్ల పక్కన కూచుని ఒక మధ్యాహ్నం రికార్డు చేస్తే చాలు.

తెలంగాణ పోరాటం ఓడిందా గెలిచిందా అని పండితులు వాదించుకోనీ. ఐలమ్మకు తెలిసిన కొలత ఒకటే: కోసిన ధాన్యం ఎవరి ఇంటికి చేరింది? కోదాడ, మిర్యాలగూడ, పేట తహసీల్దార్లు ఆ కొలతతో తమ రిజిస్టర్లు ఒకసారి తెరవాలి. సద్ది మోసిన చేతుల వేలిముద్రలు అందులో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ఆ అంకెను వచ్చే సెప్టెంబరు 17న వేదిక మీదే చదవాలి.